తోలు కప్పిన గొర్రెపిల్ల

సోమవారం పది కొట్టేసరికి దేవరగుట్ట నియోజకవర్గం నొప్పంతా ఎమ్మెల్యే గట్టయ్య మెడలోకి దిగాలి. అది చట్టం. దిగేది మాత్రం ఆయన తమ్ముడు సాయిలు మెడలోకి.

హైదరాబాదులో ఎమ్మెల్యే క్వార్టరు వెనక గదిలో నాలుగేళ్ళుగా ఇదే వరస. తలుపు మీద ‘వేదన గది’ అని ఇత్తడి అక్షరాలుంటాయి. లోపల ఒక మంచం, ఒక కుర్చీ. మంచం మీద గట్టయ్య వెల్లకిలా పడుకుని, మాట వినపడకుండా చేసిన ఫోనులో క్రికెట్టు చూస్తూ వేయించిన పల్లీలు నములుతుంటాడు. కుర్చీలో సాయిలు. అతని మెడ వెనక, తల దిగే గుంటలో, బొటనవేలంత వెడల్పు పట్టీ.

ముందుగా కుడి మోకాలు వచ్చింది. ఆ నొప్పి రెండుసార్లు ఆగి ఆగి వచ్చి, మూడోసారి ఎముకలోకి దిగబడుతుంది. అది సొంత ఊరి ఈదయ్య తాతది. దాని వెనక ఒక నడుము, నిలువునా గూటం దిగ్గొట్టినట్టు. ఆ నడుము ఎవరిదో సాయిలుకు తెలియదు. ఆడమనిషిదో మగమనిషిదో, ఏ ఊరిదో తెలియదు. కానీ నాలుగేళ్ళుగా ఏ సోమవారం తప్పకుండా వస్తున్న నడుము అది. మందలో రెండు వందల గొర్రెలున్నా, కళ్ళు మూసుకుని గిట్టల చప్పుడుతో ఇది ఫలానా గొర్రె అని చెప్పగలిగిన గొల్లవాడికి, నొప్పితో మనిషిని పోల్చుకోవడం ఏమంత విద్య కాదు.

అక్కడ దేవరగుట్ట మండలాఫీసులో జనం వరుస కట్టి నిలబడి, ఒక్కొక్కరే వచ్చి రాగి పలక మీద అరచెయ్యి ఆనిస్తారు. మనిషికి రెండు నిమిషాలు. వాళ్ళ ఒంట్లో ఏ నొప్పి ఉంటే ఆ నొప్పి ఇక్కడ పట్టీ కట్టుకున్న ఒంట్లోకి వస్తుంది. రోగం రాదు, ఎముక వంగదు. నొప్పి మాత్రం ఆవగింజంత తగ్గకుండా వస్తుంది, అక్కడివాళ్ళకూ అట్లాగే ఉంటుంది. వచ్చినదాన్ని మిషను కొలిచి అసెంబ్లీకి పంపుతుంది. ఎక్కువ నొప్పి మోసిన ఎమ్మెల్యేకి ఎక్కువ మార్కులు.

సాయిలు పళ్ళు బిగబట్టాడు. అయినా లోపలినుంచి మూలుగు తన్నుకొచ్చింది. తలుపు బయట బెంచీల మీద కూర్చున్న కార్యకర్తలు ఆ మూలుగు విని కళ్ళు ఒత్తుకున్నారు. ఒకడు ఫోను తలుపుకు ఆనించి రికార్డు చేశాడు. సాయంత్రానికి అది నియోజకవర్గమంతా తిరుగుతుంది, ‘ప్రజల కోసం మా అన్న’ అని.

గట్టయ్య పల్లీ పొట్టు ఊదుకుంటూ, కొంచెం గట్టిగా మూలగమని చేత్తో సైగ చేశాడు.

*

అప్పటి గట్టయ్య వేరు. ఆ మాట సాయిలు తనలో తాను ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

వాళ్ళది నల్లరాళ్ళపల్లి. భూమిలో బోరు ఎంత లోతు వేసినా ఫ్లోరైడు నీళ్ళే పడే ఊరు. పదేళ్ళ పిల్లలకు పళ్ళు గారపట్టి, నలభైకి నడుములు వంగి, యాభైకి మనుషులు మంచానికి అంటుకుపోయే ఊరు. గట్టయ్య గొర్రెలు తమ్ముడికి అప్పగించి ఆ నీళ్ళ మీద కొట్లాటకు దిగాడు. సర్పంచి అయ్యాడు. వంగిపోయిన మనుషులను లారీలో ఎక్కించుకుపోయి సెక్రటేరియట్ ముందు పడుకోబెట్టాడు. లాఠీదెబ్బలు తిన్నాడు. అధికారి ఎవరో ‘మీ బాధ మాకు తెలుసు’ అన్నాడట. అప్పుడు గట్టయ్య అన్న మాట రాష్ట్రమంతా పాకింది: “తెలుసంటే చాలదు సారూ, రావాలె.”

ఆ మాటే పట్టుకుని, ఓట్ల ముందు, చట్టం తెచ్చారు. మిషను అంతకు ముందే ఉంది. పెద్దాసుపత్రి వెనక చిన్న ల్యాబులో శశిరేఖ అనే డాక్టరమ్మ పదకొండేళ్ళు కూర్చుని చేసింది, మాట రాని పసిపిల్లల కోసం. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే కడుపో చెవో తెలియక డాక్టర్లు చీకట్లో వెతుక్కుంటారు. బిడ్డ చెయ్యి పలక మీద పెట్టి, పట్టీ తను కట్టుకుంటే ఎక్కడో ఇట్టే తెలిసిపోతుంది. అంతే ఆమె అనుకున్నది. సర్కారు దాన్ని ఎమ్మెల్యేల మెడకు కట్టింది.

గట్టయ్య గెలిచాక పట్టీ అలవాటు చేయించుకోవడానికి పోతే వెంట సాయిలు కూడా పోయాడు. డాక్టరమ్మ పట్టీని గట్టయ్య మెడకు అంటించి, ఒక ఎర్రదీపం పచ్చగా మారేదాకా ఆగింది. మనిషి మనిషికి చెమట ఉప్పు వేరుగా ఉంటుందనీ, పట్టీ ఆ ఉప్పునుబట్టి తన మనిషిని గుర్తుపడుతుందనీ, వేరేవాళ్ళు కట్టుకుంటే ఒప్పుకోదనీ చెప్పింది. తర్వాత పలక మీద ఎడమచెయ్యి పెట్టి, కుడిచేత్తో గుండుసూది తీసుకుని తన వేలి కొసనే గుచ్చుకుంది. గట్టయ్య కెవ్వుమని చెయ్యి విదిలించాడు. ఆమె నవ్వింది. “నేను అరవలేదు చూశారా, నాకు అలవాటు,” అంది.

మొదటి సోమవారం గట్టయ్య నిజంగానే కట్టుకున్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగది కాదు. జనం ఆయనను భుజాల మీద ఎత్తుకున్నారు. రెండో సోమవారం కట్టుకున్నాడు. మూడో సోమవారం వాంతి చేసుకున్నాడు. నాలుగో వారానికి ముందు రోజు నల్లరాళ్ళపల్లి గుట్ట కింద మంద దగ్గరికి కారేసుకొచ్చాడు. “నాతోని అయితలేదు తమ్మీ,” అని తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

ఆ రోజు సాయిలు చచ్చిన గొర్రెపిల్ల తోలు ఒలుస్తున్నాడు. ఈనిన గొర్రెకు పిల్ల చస్తే, తల్లి చచ్చిన వేరే పిల్లను దానికి అంటగట్టడం మందలో ఉన్న పనే. గొర్రె ఊరికే రానియ్యదు, వాసన చూసి కుమ్మేస్తుంది. అందుకని చచ్చిన పిల్ల తోలు ఒలిచి బతికిన పిల్లకు అంగీలాగ తొడుగుతారు. తల్లి వాసన చూసి, నాదే అనుకుని పాలిస్తుంది.

అన్న ఏడుస్తుంటే చూడలేక, నవ్వించడానికి సాయిలు ఒక మాట అన్నాడు. “నీ తోలు ఒలిచి నాకు కప్పు అన్నా. నేను పోయి కూసుంట.”

గట్టయ్య ఏడుపు ఆపాడు. మెడలో ఉన్న తువ్వాల తీసి, దాని తడి వంక చూశాడు. ఆ చూపు సాయిలుకు ఇప్పటికీ గుర్తు. ఇవాళ జరుగుతున్నదానికంతా మొదలు తను వాగిన ఆ వాగుడేనని గుర్తొచ్చినప్పుడల్లా నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

ఒక్క వారమే అన్నాడు గట్టయ్య. సోమవారం పొద్దున క్వార్టరు చుట్టూ చెమట పట్టేదాకా నడిచొచ్చి, తడిసిన తువ్వాల తమ్ముడి మెడకు చుట్టాడు. పావుగంట అయ్యాక పట్టీ అంటించాడు. దీపం పచ్చబడింది.

*

ఆ ఒక్క వారం నాలుగేళ్ళయింది. గట్టయ్యకు వచ్చినన్ని మార్కులు రాష్ట్రంలో ఎవరికీ రాలేదు. విప్ అయ్యాడు, ఏదో కమిటీకి చైర్మనయ్యాడు, ఈసారి మంత్రి ఖాయమని పేపర్లు రాశాయి. సాయిలు మందను భార్య నీలమ్మ చూసుకుంది. మొగుడు బావ ఇంటి దగ్గర తోట పని, వచ్చేపోయేవాళ్ళ పని చూస్తున్నాడని ఆమె అనుకుంటోంది. ఊళ్ళోవాళ్ళు ఆమెను ఎగతాళి చేసేవాళ్ళు: నీ బావ ఊరి నొప్పులు మోస్తుంటే నీ మొగుడు నీడపట్టున పూలమొక్కలకు నీళ్ళు పోస్తున్నాడని. ఆమె ఫోనులో ఆ మాట చెప్పి నవ్వేది. సాయిలు కూడా నవ్వేవాడు. ఒంట్లో ఎట్లా ఉందని అడిగితే ఇద్దరూ ఒకరికొకరు ‘మంచిగనే ఉన్న’ అనే చెప్పుకునేవాళ్ళు.

అతను గొంతుక్కూర్చోలేకపోతున్నాడు. కూర్చుంటే లేవలేకపోతున్నాడు. మంగళ బుధవారాలకు తగ్గిపోవలసిన నొప్పులు ఆదివారం దాకా ఉంటున్నాయి. ఒకనాడు అన్నకు చెప్పకుండా పెద్దాసుపత్రికి పోయి, తెలిసిన మొహం ఒక్కటేనని డాక్టరమ్మ ల్యాబు వెతుక్కున్నాడు.

ఆమె ఎక్స్‌రే తీయించి, వెలుతురుకు పట్టి చూసింది. ఆ ఊరి నీళ్ళు తాగినా ఎముకలు ఇంకా వంగలేదంది, ఇంత నొప్పికి కారణం వాటిలో లేదంది. లేవలేకపోతున్నానని సాయిలు అన్నాడు. ఆమె లేచి అతని వెనక్కి పోయి, మెడ మీద జుట్టు పైకి తీసింది. నల్లటి మెడ మీద తెల్లగా పాలిపోయిన చతురస్రం, బొటనవేలంత వెడల్పు.

ఆమె పోయి తలుపు వేసొచ్చింది.

“ఎన్నాళ్ళుగా?”

“నాలుగేండ్లు మేడం.”

“వారానికి గంట. గంటకు ముప్పై మంది.” ఆమె లెక్క మధ్యలో వదిలేసింది. నొప్పి వచ్చి పోయినా ఒంట్లో దాని దారి ఉండిపోతుందని, రోజూ గొర్రెలు నడిచిన చోట గడ్డి మొలవనట్టేనని చెప్పింది. అతను గొర్రెల మనిషని గుర్తుపెట్టుకుని ఆ పోలిక చెప్పినట్టుంది. ఇంకో ఏడాది ఇట్లాగే మోస్తే ఎవరూ పలక మీద చెయ్యి పెట్టకపోయినా నొప్పి ఉంటుందంది. తర్వాత ఆమె గొంతు మారింది. “పసిపిల్లల వార్డులో ఇప్పుడు ఒక్క పట్టీ లేదు, తెలుసా? చేసినవన్నీ అసెంబ్లీకే తీసుకుపోయారు. పిల్లలు ఎక్కడ నొప్పో తెలియకుండానే పోతున్నారు. అక్కడేమో మీ అన్నయ్య దొంగ మూలుగు మూలుగుతున్నాడు.”

“మూలిగేది నేనే మేడం,” అన్నాడు సాయిలు.

ఆమె తల వంచుకుంది. స్పీకరుకు ఉత్తరం రాస్తానంది. అన్న పోతాడు వద్దన్నాడు. రాయకపోతే నువ్వు పోతావంది. అతను లేచేటప్పుడు ఆమె ఇంకో మాట చెప్పింది: ఇన్నాళ్ళకు పట్టీ అతని ఉప్పుకే అలవాటు పడి ఉంటుంది, ఇప్పుడు గట్టయ్య కట్టుకున్నా ఒప్పుకోదు.

అది సాయిలుకు కొత్త కాదు. ఏడాదిగా తువ్వాల అక్కర్లేకుండానే దీపం పచ్చబడుతోంది. వారం పదిరోజులు పాలు తాగాక తోలు తీసేసినా గొర్రెకు ఆ పిల్లే తన పిల్ల. ఆ తర్వాత ఇంకే పిల్ల వచ్చినా కుమ్మేస్తుంది. గొల్ల ఇంట పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నకు ఎందుకు గుర్తులేదో మరి.

*

ఆ తర్వాతి సోమవారం ఈదయ్య తాత మోకాలు వచ్చి పోయింది. నడుము వచ్చి పోయింది. పదిన్నర దాటాక ఎడమ మడమలో సన్నగా ఒక పోటు మొదలైంది.

సాయిలు కళ్ళు తెరిచాడు.

ఆ పోటు అతనికి తెలుసు. పెళ్ళయిన ఏడు, సర్కారుతుమ్మ ముల్లు దిగి లోపలే విరిగింది. దబ్బనంతో తనే తీశాడు, సగమే వచ్చింది. మిగతా సగం ఇరవై రెండేళ్ళుగా ఆ మడమలోనే ఉంది. మబ్బు పట్టినప్పుడల్లా నీలమ్మ ఆ కాలు నేలకు ఆనించకుండా నడిచేది.

మడమ మీదినుంచి నొప్పి పైకి పాకింది. మోకాలి చిప్ప కింద, లోపలివైపు, కొడవలి ఇరికించి తిప్పినట్టు. అక్కడినుంచి తుంటిలోకి. తుంటి దగ్గర అది నొప్పి కాదు, మంట. ఇది నిన్న మొన్నటిది కాదు. ఎముక వంగడం మొదలై రెండు మూడేళ్ళయితే తప్ప ఇంత ముదరదు. వేల మంది మోకాళ్ళు మోసినవాడికి ఆ మాత్రం తెలుసు. మంచిగనే ఉన్న అన్నది. అన్ని రోజులూ అదే చెప్పింది.

రెండు నిమిషాలు అయిపోయాయి. నీలమ్మ చెయ్యి తీసేసింది. ఆ సోమవారం మొదటిసారి సాయిలు మూలగలేదు. గట్టయ్య ఫోనులోంచి తలెత్తి, ఏమైందిరా అన్నాడు.

గంట కాగానే సాయిలు పట్టీ తీసి కుర్చీ మీద పెట్టి, దొరికిన బస్సెక్కాడు.

పొద్దు వాలకముందే ఇంటికి చేరేసరికి నీలమ్మ గోడ పట్టుకుని దొడ్డి వైపు నడుస్తోంది. అతన్ని చూసి గోడ మీది చెయ్యి తీసేసి నిటారుగా నిలబడబోయింది. కుదరలేదు. మళ్ళీ గోడ పట్టుకుని, ఎవరో దొంగతనం పట్టుకున్నట్టు నవ్వింది.

సాయిలు ఏమీ అడగకుండా ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, ఎడమ మోకాలి చిప్ప కింద లోపలివైపు బొటనవేలు పెట్టి అదిమాడు. సరిగ్గా అక్కడ. ఆమె ఊపిరి బిగబట్టి అతని మొహంలోకి చూసింది.

“నీకెట్ల తెలుసు?”

“పొద్దుగాల పదిన్నరకు పెట్టినవు చెయ్యి.”

ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె ఏడవలేదు, మోకాలి మీదున్న అతని చేతిని తోసేసింది. “బావకు తెల్వాలని పోయిన,” అంది. “మందను ఇడిసిపెట్టి, ఆటోల పడి పోయిన. రెండేండ్ల కింద మంచినీళ్ళ ట్యాంకుకు గుంత తీసిండ్రు. పైపులు పంచాయతీ ఎనుక పడి ఉన్నయి, వాటిల పాములు కాపురముంటున్నయి. బావ సంతకం ఒక్కటే కావాలంటరు. నా కాలు ఆయన మెడల పడితేనన్న సంతకం పెడ్తడని పోయిన. ఆ కాలు తెచ్చి నీ మెడల ఏసిన్నా?” కొంచెం ఆగి అంది: “పూలమొక్కలకు నీళ్ళు పోస్తున్నవనుకున్న.”

*

గురువారం సాయిలు క్వార్టరుకు తిరిగిపోయాడు. గట్టయ్య మంచి ఊపులో ఉన్నాడు. మంత్రి పేర్ల చిట్టాలో ఆయన పేరు మొదట ఉంది. అపోజిషన్‌వాళ్ళు మాత్రం ఈ మార్కులన్నీ దొంగవని అరిచి ఒక షరతు పెట్టించారు: మంత్రి కాబోయేవాళ్ళు ఈ సోమవారం సభలోనే, అందరి ముందూ, పావుగంట పట్టీ కట్టుకోవాలి.

ట్యాంకు కాయితం ఎక్కడుందని సాయిలు అడిగాడు.

“ఉన్నది. ఎటుపోతది? సొరుగుల ఉన్నది.”

“రెండేండ్లాయె అన్నా.”

గట్టయ్య తమ్ముడిని కూర్చోమన్నాడు. సాయిలు నిలబడే ఉన్నాడు. గట్టయ్య సభలో మాట్లాడినంత నెమ్మదిగా చెప్పాడు. “నీకు రాజకీయం తెల్వది తమ్మీ. మంచినీళ్ళు ఇయ్యంగనే ఏమైతది? నొప్పులు తగ్గుతయి. నొప్పులు తగ్గితే మార్కులు తగ్గుతయి. మార్కులు లేని గట్టయ్యను మంత్రిని ఎవడు చేస్తడు? ముందుగాల నన్ను కుర్చీల కూసోనియ్యి. ఒక్క ఊరికి కాదు, నియోజకవర్గం మొత్తానికి పారిస్త.”

“నీలమ్మ నడుస్తలేదు.”

“నాకు చెప్తున్నవా నొప్పి సంగతి?” గట్టయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. “నాలుగేండ్ల సంది మోస్తలేనా నేను?”

సాయిలు అన్న మొహం చూస్తూ ఉండిపోయాడు. అందులో వేళాకోళం లేదు, అబద్ధం ఆడుతున్నవాడి తొట్రుపాటు లేదు. మైకుల ముందు అని అని ఆ మాట ఆయనకు నిజమైపోయింది. పల్లీలు తిన్న గంటలన్నీ ఆయన లెక్కలో మోసిన గంటలే. ఇన్నాళ్ళూ తను ఒంటి మీద వెట్టి చేశాడు. తాతలు దొర గడీలో చేసిన వెట్టిని దొర కనీసం తన చాకిరీ అని చెప్పుకోలేదు.

కోపం వస్తే కేకలు వేసే మనిషి కాదు సాయిలు. డాక్టరమ్మ చెప్పిన సంగతి మాత్రం చెప్పాడు. పట్టీ నిన్ను ఒప్పుకోదన్నా, నా ఒంటికి అలవాటు పడిందన్నాడు.

గట్టయ్య మొహం ఒక్క క్షణం పాలిపోయి మళ్ళీ తేరుకుంది. తొడ చరిచి నవ్వాడు. దానికేముంది, అప్పుడు నా తువ్వాల నీకు ఇచ్చాను, ఇప్పుడు నీ తువ్వాల నాకు ఇవ్వమన్నాడు. రెండు రోజులు మెడ మీదినుంచి తియ్యకుండా, చెమట బాగా పట్టించి ఇవ్వాలన్నాడు. గొల్ల తువ్వాల మెడలో ఉంటే టీవీలో కూడా బాగుంటుందన్నాడు. ఇంకో పని కూడా చెప్పాడు: సోమవారం మండలాఫీసులో సాయిలే ఉండి, ఏ నొప్పీ లేని గట్టి కుర్రాళ్ళను పదిమందిని వరుసలో నిలబెట్టాలి. మూలిగే పని తను చూసుకుంటాడు.

శనివారం పొద్దునే అసెంబ్లీవాళ్ళు వచ్చి పట్టీకి సీలు వేసి తీసుకుపోయారు. సభలో తప్ప ఇక అది తెరుచుకోదు.

వాళ్ళు వెళ్ళాక సాయిలు పెరట్లో నల్లా కింద తువ్వాలకు సబ్బు పెట్టాడు. ఒకసారి కాదు. పెట్టి, బండకు బాది, జాడించి, మళ్ళీ పెట్టాడు. ప్రతి బాదుకూ మోకాళ్ళు కలుక్కుమన్నాయి. అవి తనవి కావు, ఈదయ్య తాతవి, నీలమ్మవి. నీళ్ళు తెల్లగా వచ్చేదాకా జాడించి, రెండు చేతులా పిండి, ఎండలో ఆరేశాడు.

మధ్యాహ్నం ఆరిన తువ్వాల మడత పెట్టకుండా, నలిపి, అన్నకు ఇచ్చాడు. ఇచ్చి అక్కడే నిలబడ్డాడు. వాసన చూస్తే చాలు. గుప్పుమని సబ్బు కొట్టే తువ్వాల అది. ఈనిన గొర్రె దగ్గర పుట్టి పెరిగిన మనిషికి చెమట ఏదో సబ్బు ఏదో తెలియకపోదు. ఉతికినవా తమ్మీ అని ఒక్క మాట అంటే నిజం చెప్పేద్దామనుకున్నాడు. నిజం చెప్పి, సొరుగు తీసి సంతకం పెట్టు అన్నా, తువ్వాల ఇప్పుడే చెమటతో తడిపి ఇస్తా అందామనుకున్నాడు.

గట్టయ్య తువ్వాలను మెడ చుట్టూ వేసుకుని, అద్దంలో చూసుకుని, కొసలు సరిచేసుకున్నాడు.

సాయిలు ఊరికి బస్సెక్కాడు.

*

సోమవారం మండలాఫీసు వరండాలో టీవీ పెట్టారు. గట్టి కుర్రాళ్ళు లేరు. ఎప్పుడూ వచ్చేవాళ్ళే వచ్చారు. కర్రలు, చంక కర్రలు, ఒకామెను కొడుకు ఎత్తుకొచ్చాడు. పేరు పిలవగానే సాయిలు నీలమ్మను నడిపించుకుపోయి పలక ముందు కూర్చోబెట్టాడు. ఆమె అరచెయ్యి చీర చెంగుకు తుడుచుకుని రాగి మీద ఆనించింది.

టీవీలో సభ నిండుగా ఉంది. గట్టయ్య కుర్చీ మధ్యలో వేశారు. దీపం కుర్చీ వెనక, సభకు కనపడేలా, ఆయనకు కనపడకుండా పెట్టారు. డాక్టరమ్మ సీలు తీసి, పట్టీని ఆయన మెడకు అంటించి, పక్కకు జరిగింది.

దీపం ఎర్రగా వెలిగింది. ఎర్రగానే ఉంది.

గట్టయ్య కళ్ళు మూసుకున్నాడు. నెమ్మదిగా మొదలుపెట్టాడు. ముందు పెదవి కొరికాడు. తర్వాత రెండు చేతులా నడుము పట్టుకుని ముందుకు వంగాడు. “అమ్మా… నా అక్కచెల్లెండ్ల నడుములు,” అన్నాడు. కన్నీళ్ళు బుగ్గల మీదికి జారాయి. తువ్వాల కొసతో తుడుచుకున్నాడు. “ఎట్ల మోస్తున్నరు తల్లీ మీరు,” అన్నాడు.

వరండాలో నీలమ్మ టీవీ వంక చూస్తూ మెల్లగా అంది, “నాకు నడుము నొప్పి లేదు.”

సభలో అరుపులు లేచాయి. గట్టయ్య వాటిని జేజేలనుకున్నాడు కాబోలు, ఇంకా గట్టిగా మూలిగాడు. చివరికి స్పీకరు లేచి నిలబడితే, ఆయన చూపు పట్టుకుని గట్టయ్య వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు అట్లాగే ఉండిపోయాడు. డాక్టరమ్మ మైకు దగ్గరికొచ్చి పట్టీ ఈయనను ఒప్పుకోలేదని చెప్పింది. “ఇది చాలాకాలంగా ఈయన ఒంటి మీద లేదు. ఇంత నొప్పి ఎవరు మోశారో సభే అడగాలి,” అంది. ఎవరో టీవీ కట్టేశారు.

ఈదయ్య తాత కర్ర మీద గడ్డం ఆనించుకుని అడిగాడు. “అయితే ఇన్నేండ్లు నా మోకాలు ఏ బండకు చెప్పుకున్న? ఆడ ఎవడూ లేడా?”

“నేనున్న తాతా,” అన్నాడు సాయిలు.

అందరూ అతని వైపు తిరిగారు. అతను మెడ మీది జుట్టు పైకెత్తి వెనక్కి తిరిగి చూపించాడు. తర్వాత ఈదయ్య తాత నొప్పి ఎట్లా రెండుసార్లు ఆగి వస్తుందో చెప్పాడు. తాత నోరు తెరిచి వింటూ ఉన్నాడు. బెంచీ చివర ఒక నడీడు ఆడమనిషి నడుము మీద చెయ్యేసుకుని లేచింది. ఆ లేవడంలోనే సాయిలు ఆమెను పోల్చుకున్నాడు. ఆ గూటం, ఆ మెలిక. నాలుగేళ్ళు మోసిన నడుముకు మొహం ఇప్పుడు చూశాడు.

“నీ పేరేందమ్మా?” అన్నాడు.

“నా పేరు నీకెందుకు?” ఆమె గొంతు వణకలేదు. “నా నడుము ఎట్లుంటదో నీకు తెలుసు. తెలిసి నోరు మూసుకొని కూసున్నవు. నువ్వు మొయ్యబట్టే గద వాడు గద్దెనెక్కిండు? మొదటేడే నువ్వు కుర్చీలకెల్లి లేస్తే, వాడు సంతకమన్న పెడుతుండె, సావన్న సస్తుండె. నా బిడ్డ కాళ్ళు వంకర పోకుండ ఉంటుండె.”

సాయిలు జుట్టు మీది చెయ్యి దించాడు. మంచిపని చేశావని ఎవరైనా అంటారేమోనని లోపలెక్కడో ఒక ఆశ ఉండేదని ఇప్పుడే తెలిసింది, అది ఎండిపోతుంటే. వేల నొప్పులలో ఏదీ ఇంత లోపలికి దిగలేదు. అది పట్టీలోంచి వచ్చింది కాదు మరి.

నీలమ్మ పలక మీదినుంచి చెయ్యి తీసి, అతని భుజం పట్టుకుని లేచింది. అతన్ని వెనకేసుకు రాలేదు, తిట్టలేదు. “పైపులు పంచాయతీ ఎనుకనే ఉన్నయి,” అంది. “సంతకం ఎవలు పెడ్తరో తర్వాత సూద్దాం. ముందుగాల పాములను ఎల్లగొట్టు పా.”

ఎండలో అందరూ ఆటోలు ఆగే చోటికి బయల్దేరారు. ఈదయ్య తాత ముందు, నడుమామె ఎవరి పక్కనా నడవకుండా ఒక్కతే, వెనక నీలమ్మ, సాయిలు. చిన్నప్పటినుంచీ గొర్రెల వెనక నడిచినవాడు గనక అలవాటుగా నడకలు గమనించాడు. కుడికాలు ఈడ్చేది తాత. తుంటి తిప్పేది నీలమ్మ. తన అడుగుల చప్పుడు కూడా విన్నాడు. అందులో ముందు ఈదయ్య తాత వినిపించాడు, తర్వాత నడుమామె, తర్వాత నీలమ్మ మడమలోని ముల్లు. తన నడక ఎట్లా ఉండేదో ఎంత వెతికినా దొరకలేదు.

“బిర్రబిర్ర నడువు,” అంది నీలమ్మ. “పొద్దెక్కుతున్నది.”